దండెత్తి వచ్చినోళ్ళు దేనికోసం వచ్చిండ్రు?

(హైదరాబాదు పాతబస్తీలో జరిగిన కార్యకర్తల తరగతిలో ఒక ఉపాధ్యాయ మిత్రుడు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును వీలైనంతవరకు అట్లాగే ఉంచాం. – సం.)



తురుష్కులు, అఫ్ఘన్లు మన దేశం మీదికి ఎందుకు దండెత్తి వచ్చిండ్రు అన్నది నాకు ఇచ్చిన అంశం. వెయ్యేండ్ల కిందటి ముచ్చట మనకెందుకని కొందరికి అనిపించొచ్చు. కూలి గురించి, భూమి గురించి, హాస్టళ్ళ గురించి మాట్లాడుకోవాల్సిన కాడ గజనీ మహమ్మదు సంగతేంది అనొచ్చు. మనం వద్దనుకున్నా ఆ ముచ్చటను మన వాడల్లోకి మోసుకొచ్చేటోళ్ళు ఉన్నారు. మన పిల్లగాండ్లను కూర్చోబెట్టి మూడు మాటలు చెప్తున్నారు. ఒకటి, వాళ్ళు వచ్చింది మన మతాన్ని నాశనం చేయడానికే. రెండు, మీరు ఊరి బయట పడింది కూడా వాళ్ళ వల్లనే. మూడు, ఆ పగ మీరే తీర్చుకోవాలె. ఈ మూడో మాట కోసమే మొదటి రెండు మాటలు. 1978లో, 1990లో ఈ పట్నంలో కొట్లాటలు జరిగినప్పుడు ఎక్కువగా చచ్చింది రెక్కాడితే గాని డొక్కాడని బస్తీలోళ్ళే. రెండు దిక్కులా వాళ్ళే.

అందుకని ఈ లెక్క మనమే చూసుకోవాలె. చూసే పద్ధతి కష్టమైంది కాదు. దండు బయలుదేరేటప్పుడు రాజు ఏం చెప్పి పంపిండు? తిరిగొచ్చేటప్పుడు దండు ఏం మోసుకొచ్చింది? మోసుకొచ్చింది దేనికి ఖర్చయింది? అది మొదట ఎవరి చెమట? ఈ నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలు.

గజనీ, ఘోరీ

మన తెలుగు దాకా రావాలంటే ముందు ఉత్తరాన ఏం జరిగిందో రెండు మాటలు చెప్పుకోవాలె. గజనీ మహమ్మదు 1000 నుంచి 1027 దాకా మళ్ళీ మళ్ళీ వచ్చాడు. 1025-26లో సోమనాథ గుడిని కొల్లగొట్టాడు, లింగాన్ని పగలగొట్టాడు. ఇది జరిగింది, దాన్ని కాదనే పని లేదు. అయితే అదే మహమ్మదు ముల్తాను మీద పడ్డాడు. అక్కడ ఏలుతున్నది ముస్లిములే, కాకపోతే ఇస్మాయిలీ తెగవాళ్ళు. 1029లో ఇరానులోని రయ్ నగరాన్ని దోచాడు. అక్కడా ముస్లిములే. అక్కడి పుస్తకాలు కూడా తగలబెట్టించాడు. మధ్య ఆసియాలో రాజ్యం నిలవాలంటే అతనికి జీతమిచ్చి పోషించే పెద్ద దండు కావాలి. దండుకు రొక్కం కావాలి. రొక్కం హిందుస్తాను గుళ్ళల్లో, కోటల్లో పేరుకుపోయి ఉంది. ఇక్కడ పట్టుకుపోయిన మనుషులను గజనీ బజారులో బానిసలుగా అమ్మారు. ఆ బజారులో నిలబడ్డది రాజుల బిడ్డలు కాదు, పేదల బిడ్డలే ఎక్కువ.

ఇంకొక సంగతి వినండి. గజనీ సైన్యంలో హిందూ సిపాయిలు ఉండేవాళ్ళు. మహమ్మదు కొడుకు మసూదు కాలంలో వాళ్ళకు సేనాధిపతి తిలకుడు. ఆ కొలువులో పనిచేసిన బైహాకీ అనే చరిత్రకారుడు అతన్ని మంగలి కొడుకని రాశాడు. లాహోరులో నియాల్తగీను అనే ముస్లిం సేనాని తిరగబడితే, అణచడానికి సుల్తాను పంపింది ఈ తిలకుణ్ణే. మతయుద్ధమే అయితే ఈ లెక్క ఎట్ల కుదురుతది?

గజనీ నగరాన్ని కాల్చింది ఎవరు? 1150 ప్రాంతంలో ఘోరు రాజు అల్లావుద్దీన్ హుస్సేను. ముస్లిం నగరాన్ని ముస్లిం రాజే తగలబెట్టాడు. లోకాన్ని కాల్చినవాడని అతనికి పేరు కూడా పడింది. ఆ ఇంటివాడే మహమ్మద్ ఘోరీ. 1192లో తరాయిన్ దగ్గర పృథ్వీరాజును ఓడించాడు. ఓడించి, ఇక్కడ వేయించిన బంగారు నాణేల మీద లక్ష్మీదేవి బొమ్మను అట్లాగే ఉంచాడు. పక్కన నాగరి అక్షరాల్లో తన పేరు. ఎందుకు? జనం ఆ నాణేన్ని నమ్ముతారు, దాంతోటే శిస్తు కడతారు. ఖజానాకు రావలసింది వస్తే చాలు, నాణెం మీద ఎవరున్నా అభ్యంతరం లేదు.

ఓరుగల్లు లెక్క

ఇప్పుడు మన ఇంటి సంగతికొద్దాం. ఢిల్లీ దండు తెలుగు నేలకు ఎందుకొచ్చింది?

అల్లావుద్దీన్ ఖిల్జీ అప్పటికింకా సుల్తాను కాదు, కడా అనే చోట అధికారి. 1296లో ఢిల్లీలో ఉన్న మామకు చెప్పకుండా దేవగిరి మీద పడ్డాడు. యాదవ రాజు ఖజానా పట్టుకుపోయి, ఆ సొమ్ముతోటే మనుషులను కొన్నాడు, సొంత మామను చంపించి గద్దె ఎక్కాడు. మామ ముస్లిం, అల్లుడు ముస్లిం, మధ్యల హిందూ రాజు సొమ్ము. దక్కను దారి ఢిల్లీకి తెలిసింది అట్ల.

ఇంకో దిక్కు నుంచి మంగోలులు ఢిల్లీ మీదికి ఒత్తుకొస్తున్నారు. 1299లో వచ్చారు, 1303లో ఢిల్లీనే చుట్టుముట్టారు. వాళ్ళను ఆపాలంటే ఏడాది పొడుగునా సిద్ధంగా ఉండే గుర్రపు దండు కావాలి. ఒక గుర్రపు సిపాయికి ఏడాదికి 234 టంకాల జీతమని బరనీ అనే చరిత్రకారుడు రాశాడు. ఆ జీతం కోసమే అల్లావుద్దీన్ గంగా యమునల నడిమి రైతు దగ్గర పంటలో సగం శిస్తు వసూలు చేశాడు, బజారులో ధరలు కట్టడి చేశాడు. అయినా చాలలేదు. అందుకే దక్షిణానికి చూపు తిరిగింది.

1303లో ఓరుగల్లు మీదికి మొదటి దండు వచ్చింది, దెబ్బతిని పోయింది. 1309 చివరన మాలిక్ కాఫూరు బయలుదేరాడు. ఎవరీ కాఫూరు? గుజరాతులో ఖంబాతు రేవు దగ్గర 1299లో పట్టుబడ్డ బానిస. వెయ్యి దీనార్లకు కొన్నవాడని పేరు. పుట్టుకతో హిందువే. అతనికి సుల్తాను ఏం చెప్పి పంపాడో బరనీ రాసిపెట్టాడు. ఓరుగల్లు రాజు ధనం, ఏనుగులు, గుర్రాలు ఇచ్చి, ఏటేటా కప్పం పంపుతానని ఒప్పుకుంటే తీసుకో, కోట పట్టేదాకా పంతానికి పోకు, రాజును మరీ ఒత్తకు. ఇదీ హుకుం సారాంశం. రాజును మతం మార్చమని అందులో లేదు. రాజ్యం కలుపుకొమ్మని లేదు. 

1310 మొదట్లో మట్టికోట పడిపోయింది, రాతికోట చుట్టూ ముట్టడి బిగిసింది. ప్రతాపరుద్రుడు సంధికొచ్చాడు. 100 ఏనుగులు, 7,000 గుర్రాలు ఇచ్చాడని బరనీ లెక్క. ధనం వెయ్యి ఒంటెల మీద పోయిందని అమీర్ ఖుస్రో రాశాడు. కొలువు రచయితలు గొప్ప కోసం పెంచి రాస్తారు, కొంత తగ్గించి చూసినా ఎంత సొమ్మో ఆలోచించండి. దండు వెనక్కి మళ్ళింది. ప్రతాపరుద్రుడు ఓరుగల్లులోనే రాజుగా ఉన్నాడు, గుడిలో దీపం వెలుగుతూనే ఉంది.

తర్వాత కప్పం ఆగింది. 1318లో ఖుస్రో ఖాన్ వచ్చి వసూలు చేసుకుపోయాడు. 1320లో ఢిల్లీలో గద్దె మారింది, గడబిడ అయింది, ఓరుగల్లు మళ్ళీ కప్పం ఎగ్గొట్టింది. 1321లో తుగ్లకు కొడుకు ఉలుగ్ ఖాన్ వచ్చాడు, తన దండులోనే తిరుగుబాటు లేచి వెనక్కి పోయాడు. 1323లో మళ్ళీ వచ్చి నెలల తరబడి ముట్టడించి కోట పట్టాడు. ఈసారి కప్పంతో వదల్లేదు. ఏటేటా దండు పంపి వసూలు చేసే బదులు నేలనే కలుపుకొని నేరుగా శిస్తు గుంజుకోవాలన్నది తుగ్లకుల లెక్క. ఓరుగల్లు పేరు సుల్తాన్‌పూర్ అయింది. ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీకి తీసుకుపోతుంటే నర్మద ఒడ్డున చనిపోయాడని విలస తామ్రశాసనం చెప్తున్నది.

చూడండి తమ్ముళ్ళారా, 1309 నుంచి 1323 దాకా వచ్చిన ప్రతి దండు వెనక ఒక బాకీ కాగితం ఉంది. మన ఊళ్ళల్లో దొర మనుషులు బాకీ వసూలుకు ఎట్ల వచ్చేటోళ్ళో అట్లనే.

మన రాజులు తక్కువ తిన్నారా?

మరి కాకతీయులు పొరుగోళ్ళ మీదికి పోలేదా? కాకతి మహాదేవుడు దేవగిరి యాదవులతో యుద్ధంలోనే చచ్చాడు, అతని కొడుకు గణపతిదేవుడు వాళ్ళకే బందీగా చిక్కాడు. ఆ గణపతిదేవుడే తర్వాత కృష్ణ, గోదావరి తీరమంతా గెలుచుకొని, మోటుపల్లి రేవులో 1244లో వర్తకులకు అభయశాసనం వేయించాడు. రేవు సుంకం కావాలి గదా! శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఉదయగిరి గెలిచి, అక్కడి బాలకృష్ణుని విగ్రహాన్ని హంపీకి పట్టుకుపోయి గుడి కట్టించాడు. ఓడినోని దేవుణ్ణి కూడా గెలిచినోడు పట్టుకుపోవడమన్నమాట. గుడి అంటే ఆ కాలంలో రాజు ఖజానా, రాజు జెండా.

ఢిల్లీవాళ్ళను వెళ్ళగొట్టిన ముసునూరి కాపయ నాయకుని సంగతి కూడా వినండి. 1336 ప్రాంతంలో ఓరుగల్లు తిరిగి పట్టుకున్నాడు. తుగ్లకు మీద తిరగబడ్డ బహమనీలకు సాయం చేశాడు. రాజ్యం స్థిరపడగానే ఆ బహమనీలే అతని మీద పడి, చివరికి గోలకొండ గుంజుకున్నారు. కాపయను చంపింది మాత్రం వాళ్ళు కాదు. 1368 ప్రాంతంలో భీమవరం యుద్ధంలో రేచర్ల వెలమ నాయకులు చంపారు. ఇది మతం కొట్లాట అని ఎట్లందాం?

ఆ కాలం తెలుగు, సంస్కృత శాసనాలు ఢిల్లీ సుల్తానును ఏమని పిలిచాయో తెలుసా? తురుష్కుడని, అశ్వపతి అని. ఒడ్ర రాజు గజపతి, ఢిల్లీవాడు అశ్వపతి, తెలుగు కన్నడ రాజు నరపతి. ఏనుగులు, గుర్రాలు, కాల్బలం, ఇట్ల లెక్కపెట్టారు. తురక అనే మాట కూడా తుర్కీ జాతి పేరు నుంచి వచ్చిందే. దాన్ని తిట్టుగా మార్చింది తర్వాతి వాళ్ళు.

ఈ పట్నం మీద పడ్డది ఎవరు?

మనం కూర్చున్న ఈ నేల సంగతే చూద్దాం. గోలకొండ రాజ్యం పెట్టిన సుల్తాన్ కులీ కూడా తుర్కీవాడే. హమదాను ప్రాంతం నుంచి వచ్చాడు. దండెత్తి రాలేదు. ఇరానులో తన వంశాన్ని ఇంకో తుర్కీ వంశం తుడిచిపెడుతుంటే, ప్రాణం దక్కించుకొని, బతుకుదెరువు వెతుక్కుంటూ బహమనీల కొలువులో చేరాడు. అట్లా వచ్చినోళ్ళు వేలమంది. మంగోలుల దెబ్బకు పారిపోయొచ్చినోళ్ళు, కొలువు కోసం వచ్చినోళ్ళు, గుర్రాలు అమ్ముకోవడానికి వచ్చినోళ్ళు. అందరినీ దండయాత్రీకులని ఒక్క గాటన కట్టడం తప్పు.

సుల్తాన్ కులీ మనవళ్ళ కాలం నాటికి వీళ్ళు ఇక్కడి మనుషులయ్యారు. ఇబ్రహీం కుతుబ్‌షా విజయనగరంలో తలదాచుకొని పెరిగాడు. తెలుగు కవులు అతన్ని మల్కిభరాముడన్నారు. 1591లో మహమ్మద్ కులీ ఈ హైదరాబాదు కట్టాడు. ఈ పట్నాన్ని కొల్లగొట్టింది ఎవరు? 1636లో షాజహాన్ గోలకొండ మెడ వంచి ఏటా 2 లక్షల హొన్నుల కప్పం రాయించుకున్నాడు. కప్పం బాకీ పడ్డదని, మీర్ జుమ్లా ఇంటివాళ్ళను ఖైదు చేసిండ్రని సాకు చూపి 1656లో ఔరంగజేబు దండు హైదరాబాదును దోచింది. 1685లో మొఘలులు మళ్ళీ దోచారు. 1687లో ఎనిమిది నెలలు ముట్టడించి గోలకొండ పట్టారు. తానీషాను దౌలతాబాదు కోటలో ఖైదు చేశారు.

మొఘలులు తైమూరు వంశం తుర్కీలు, ముస్లిములు. కుతుబ్‌షాలు తుర్కీ మూలం వాళ్ళు, ముస్లిములు. ఒకరు సున్నీ, ఒకరు షియా. బ్రాహ్మణ మంత్రులు అక్కన్న మాదన్నలకు పెత్తనమిచ్చాడని, మరాఠాలకు సొమ్మిచ్చాడని కూడా ఔరంగజేబు తానీషా మీద నేరం మోపాడు. అక్కన్న మాదన్నలను 1686లోనే ఇక్కడి వీధుల్లో చంపారు. అది చేయించింది కూడా కుతుబ్‌షాహీ అంతఃపురం, ఉమ్రావులే. మరి మంత్రులు చచ్చినా ముట్టడి ఎందుకాగలేదు? కావలసింది వాళ్ళ తలకాయలు కాదు గనక. గోలకొండ వజ్రాలు, బందరు రేవు, గోదావరి కృష్ణల మాగాణి కావాలి. చివరికి కోట దర్వాజ తెరిచింది లంచం తిన్న అబ్దుల్లా ఖాన్ పన్నీ. అతను అఫ్ఘన్. కోట లోపల కొట్లాడి ఒళ్ళంతా గాయాలై పడిపోయిన అబ్దుర్ రజాక్ లారీ ఇరానీ. గోలకొండలో ఫతే దర్వాజా ఇప్పటికీ ఉంది. ఫతే అంటే గెలుపు. ఎవరి మీద ఎవరి గెలుపు అని మన పిల్లలను అడగండి.

ఆ వజ్రాలు తవ్వింది ఎవరు? ఫ్రెంచి వ్యాపారి తావెర్నియే కొల్లూరు గనిలో ఆడా, మగా, పిల్లలు కలిపి 60,000 మంది దాకా పనిచేస్తున్నారని రాశాడు. ఇంకో గనిలో పని బాగా తెలిసినోడికి కూడా ఏడాదికి 3 వరహాలే కూలి. వజ్రం మీద సుల్తాను పేరు, మొఘలు పేరు ఉంది. తవ్విన చేతుల పేర్లు ఎక్కడా లేవు. 1739లో నాదిర్‌షా అనే ఇంకో తుర్కీ వీరుడు ఢిల్లీ మీద పడి, ముస్లిం చక్రవర్తి పట్నంలో వేలమందిని నరికించి, కోహినూరు పట్టుకుపోయాడు. 1757లో అఫ్ఘన్ అబ్దాలీ మళ్ళీ వచ్చి అదే ఢిల్లీని దోచాడు.

మతానికి పాత్ర లేదా?

ఉంది. దాచిపెట్టి మాట్లాడితే మన మాట ఎవరూ నమ్మరు. 1323 తర్వాత ఓరుగల్లులో స్వయంభూ శివాలయాన్ని కూలగొట్టారు, నాలుగు తోరణాలు మిగిలాయి. రాజమండ్రిలో గుడి ఉన్నచోట 1324లో మసీదు వెలిసింది. బోధనులో దేవల్ మసీదు కథ కూడా అంతే. దండు కదిలేటప్పుడు మతం పేరు చెప్పుకోవడం, గెలిచినాక కాఫిర్లను చంపామని కొలువు రచయితలతో గొప్పగా రాయించుకోవడం మామూలు. ఓడిన రాజు గుడి కూల్చడమంటే అతని అధికారం పోయిందని ఊరికి చాటడం. కొందరు మనసారా మత ద్వేషంతోనే చేసి ఉంటారు కూడా. జిజియా పన్ను కూడా నిజమే.

ఇక్కడ ఒకరు లేచి, "సార్, బాబాసాహెబే రాసిండు గదా" అని అడగొచ్చు. రాసిండు. 1940లో అచ్చయిన పాకిస్తాను పుస్తకంలో, ముస్లిం దండయాత్రలు వట్టి దోపిడి కోసమే కావు, విగ్రహారాధనను దెబ్బతీయడం కూడా వాటి ఉద్దేశమని రాసిండు. నాగపూరు నుంచి వచ్చిన పుస్తకాలమ్మే వాళ్ళు కాదు, ఈ పేజీని ఇప్పుడు మన వాడల్లో పంచుతున్నది వేరేవాళ్ళు. వాళ్ళు పక్క పేజీ పంచరు. అదే అధ్యాయంలో ఆయన ఈ దండెత్తినోళ్ళు తార్తార్లు, అఫ్ఘన్లు, మంగోలులు ఒకరికొకరు బద్ధశత్రువులని, ఒకరినొకరు తుడిచిపెట్టుకోవాలని చూశారని కూడా రాసిండు. అదే బాబాసాహెబు హిందూ రాజ్యమంటూ వస్తే అది ఈ దేశానికి అన్నిటికన్నా పెద్ద ఆపద అని కూడా అదే పుస్తకంలో హెచ్చరించిండు.

ఆయన చేతికి ఆనాడు దొరికింది లేన్‌పూల్, టైటస్ వంటి తెల్లవాళ్ళ పుస్తకాలు. అవి కొలువు రచయితల గొప్పలను ఉన్నదున్నట్టు నమ్మి రాసినవి. ఆ తర్వాత శాసనాలు, నాణేలు, శిస్తు లెక్కలు ఎన్నో చదివారు. ఓరుగల్లు, గోలకొండ లెక్క ముందర పెట్టుకొని చూస్తే, మతం జెండా మీద ఉంది, ఖజానా కడుపులో ఉంది అని నాకు అర్థమవుతున్నది. బాబాసాహెబు మాటను పరీక్షించి చూడటం ఆయనను తక్కువ చేయడం కాదు. రాజకీయాల్లో భక్తి పనికిరాదని 1949లో రాజ్యాంగ సభలో చెప్పింది ఆయనే గదా!

మరి వాళ్ళు మన కోసం వచ్చిండ్రా?

ఇప్పుడు రెండో దిక్కు తప్పు చెప్తాను. మనలో కొందరు, సుల్తానులు వచ్చి కులాన్ని కూలగొట్టి మనకు విముక్తి ఇచ్చారని మాట్లాడుతుంటారు. అదీ నిజం కాదు. మసీదులో పక్కపక్కన నిలబడే వరుస మన వాళ్ళలో ఎందరికో ఆత్మగౌరవం ఇచ్చింది, సూఫీ దర్గాల్లో అంటు లేకుండా అన్నం దొరికింది. అది ఫకీర్ల పుణ్యం, జనం తెచ్చుకున్న మార్పు. కత్తితో వచ్చినోడికి ఆ ఆలోచన లేదు.

ఇందాక చెప్పిన బరనీ ఇంకో పుస్తకంలో సుల్తానులకు నీతి చెప్తూ ఏం రాశాడో తెలుసా? తక్కువ పుట్టుక పుట్టినోళ్ళకు పంతుళ్ళు చదువు చెప్పొద్దని. నమాజు, ఉపవాసం లాంటి నియమాలు నేర్పితే చాలు, రాయడం చదవడం నేర్పితే వాళ్ళు నెత్తికెక్కుతారని. మనువు సంస్కృతంలో చెప్పింది ఈయన ఫారసీలో చెప్పాడు! మా ఇంట్లో డిగ్రీ చదివినోణ్ణి నేనే మొదటోణ్ణి. మనువు మాట నడిచినా, బరనీ మాట నడిచినా నా చేతిలో సుద్దముక్క ఉండేది కాదు.

మరి అంటరానితనం తురుష్కులు తెచ్చిందే అన్న మాట? అది పచ్చి అబద్ధం. చైనా యాత్రికుడు ఫాహియాన్ అయిదో శతాబ్దం మొదట్లో వచ్చాడు, అప్పటికి ఇస్లామే పుట్టలేదు. చండాలురు ఊరి బయట ఉంటారని, ఊళ్ళోకి వస్తే తాము వస్తున్నట్టు తెలిసేటట్టు కట్టె చప్పుడు చేస్తూ రావాలని రాశాడు. గజనీ కాలం పండితుడు అల్ బిరూనీ 1030 ప్రాంతంలో డోములు, చండాలురు ఏ కులంలోనూ లెక్కకు రారని, చెప్పులు కుట్టేవాళ్ళు, నేతగాళ్ళు వంటి వృత్తుల వాళ్ళు ఊరి బయటే ఉంటారని రాశాడు. అదే బిరూనీ మహమ్మదు దండయాత్రలు ఈ దేశపు సంపదను పాడుచేశాయని కూడా దాచకుండా రాశాడు. రెండు నిజాలూ ఒకే మనిషి రాశాడు. తురుష్కుడు వచ్చేసరికే మన గుడిసె ఊరి బయట ఉంది. వాడు వచ్చి దాన్ని ఊళ్ళోకి జరపలేదు, అంతే.

ఢిల్లీ పాలన పోయినాక వేయించిన విలస శాసనాన్నే చూడండి. అందులో ఏడుపు ఎవరిది? అగ్రహారాలు పోయాయి, యజ్ఞాలు ఆగాయి, గుళ్ళు పాడయ్యాయి. రైతు పంట గుంజుకున్నారని కూడా ఒక మాట ఉంది, దాన్ని ఒప్పుకుందాం. మరి ఆ శాసనం దేనికోసం? విలస ఊరిని బ్రాహ్మణునికి దానం ఇచ్చినందుకు. ఊరితో పాటు ఊళ్ళో చాకిరి చేసేవాళ్ళు కూడా ఆ దానం కిందికే పోయారు గదా. వాళ్ళ ఏడుపు రాయడానికి రాగిరేకు దొరకలేదు.

మనోడు ఒకడు లేచినప్పుడు ఏమైందో కూడా చెప్పి ముగిస్తాను. ఔరంగజేబు చచ్చిన రోజుల్లో, జనగామ దిక్కు కల్లుగీత కులంలో పుట్టిన సర్వాయి పాపన్న లేచాడు. మొదట కౌలాసు జమీందారు వెంకటరావు కొలువులో చేరితే ఆ జమీందారే ఖైదులో పెట్టాడు. బయటపడి షాపురంలో కోట కట్టాడు, 1708లో ఓరుగల్లు మీద పడి కొల్లగొట్టాడు. అతనూ దోచాడు, మనుషులను పట్టుకుపోయాడు. ఆ కాలం రాజులు చేసిన పనే అది. 1709లో మొఘలు చక్రవర్తి బహదూర్‌షా ఈ హైదరాబాదుకే వచ్చి దర్బారు చేస్తే, పాపన్న 14 లక్షల రూపాయల నజరానా ఇచ్చి గౌరవ వస్త్రం పుచ్చుకున్నాడు. అంతే, పట్నం పెద్దలకు కడుపు మండింది. కల్లు గీసేవాడికి ఖిల్లతా? చక్రవర్తి దగ్గరికి ఫిర్యాదు పోయింది. జమీందార్లు, ఫౌజుదార్లు, హిందువులు, ముస్లిములు ఒక్కటయ్యారు. 1710లో పాపన్నను పట్టి చంపారు. తలకాయను చక్రవర్తికి పంపారు. ఓరుగల్లు దోచిన ఉలుగ్ ఖాన్ సుల్తాను అయ్యాడు, హైదరాబాదు దోచిన ఔరంగజేబు ఆలంగీరు అయ్యాడు. అదే పని చేసిన గీతగాడు మాత్రం దొంగ అయ్యాడు. తేడా ఎక్కడుందో మీకే తెలుసు.

ఊళ్ళకు పోయి ఏం చెప్పాలె?

ఒకటి. తురుష్కులు, అఫ్ఘన్లు వచ్చింది ప్రధానంగా ధనం కోసం, కప్పం కోసం, శిస్తు నేల కోసం. మతం వాళ్ళ జెండా అయింది. గుళ్ళు కూలిన మాట దాచొద్దు, దాన్ని పెంచి చెప్పే మాట నమ్మొద్దు.

రెండు. ఏ రాజూ మనల్ని దోచుకోవడం మానలేదు, ఏ రాజూ మన కోసం రాలేదు. కాబట్టి ఏ రాజు పగా మనది కాదు, ఏ రాజు గొప్పా మనది కాదు.

మూడు. ఈ బస్తీలో గాజులు చేసే, జరీ పనిచేసే, రిక్షా తొక్కే ముస్లిం ఖిల్జీ వారసుడు కాడు. వాళ్ళలో ఎక్కువమంది తాతముత్తాతలు మన పక్క గుడిసెలోళ్ళే. ఖిల్జీ ఖజానా వాళ్ళింటికి రాలేదు, ప్రతాపరుద్రుని ఖజానా మనింటికి రాలేదు.

నాలుగు. మన పిల్లగాండ్ల చేతికి ఎవరన్నా కత్తి ఇచ్చి, జెండా ఇచ్చి చరిత్ర చెప్తుంటే, పోయి ఈ నాలుగు ప్రశ్నలు అడగమనండి. ఏం చెప్పి పంపిండ్రు? ఏం తెచ్చిండ్రు? దేనికి ఖర్చు పెట్టిండ్రు? అది ఎవరి చెమట? ఈ ప్రశ్నలు ఆనాటి సుల్తానుకే కాదు, ఇవాళ మన వాడకు వచ్చే ప్రతి నాయకునికీ పనికొస్తయి.

 ఇక మీరు అడగండి, మాట్లాడుకుందాం. జై భీమ్.